రాళ్ళ రేవు, రెండున్నర చుట్ల మెట్టె

"అది నాది."

"మామ్మగారూ, అద్దం మీద సెయ్యెయ్యకండి."

"అద్దం నాది కాదులే బాబూ. లోపలున్న ఆ మెట్టె నాది."

"అది వందల ఏళ్ళ కిందటిదండి. కింద కార్డు సూడండి, రాసుంది."

"సదివినాను. పాత రేవు తవ్వకాలలో దొరికిన వెండి మెట్టె, మధ్యయుగానిది కావచ్చు అని రాసినారు. కావచ్చు అన్నాక కాకపోవచ్చు కూడా గదా? నాకింకా డెబ్బై నిండలేదు, నన్ను అట్టుకెళ్ళి మధ్యయుగంలో కలిపీసినారు!"

"అలగంటే ఎలగండి? రేపు ఇంకొకలొచ్చి ఆ ఫిరంగి నాదంటారు."

"ఫిరంగి సంగతి నాకెందుకు? దీని జత నా కాలికున్నాది, సూడు." చెప్పు విడిచి కాలు ముందుకు పెట్టాను.

"నానమ్మా, ప్లీజ్! అందరూ సూస్తన్నారు," అంది మా మనవరాలు హారిక, నా భుజం పట్టుకుని.

"సూడనీయే. సూడ్డానికే గదా టికెట్టు కొనుక్కొచ్చినారు."

అంతవరకూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డ మా ఆయన అప్పుడు నోరు విప్పాడు. "ఒదిలీ నూకాలూ. ఎప్పుడో పోనాది, పోనాది."

"నువ్వు మాటాడకు బావా. పోగొట్టిందే నువ్వు."

"నానా? నాను గట్టిగా నొక్కినాను. నువ్వే కాలు గుంజీసుకున్నావు."

"నొక్కినోడివైతే అది ఎలగ ఊడిపోద్ది?"

"ఓడ కూతకి నువ్వు ఎగిరిపడితే ఊడిపోదా మరి?"

కాపలా ఆయన తన తగాదా మరిచిపోయాడు. మీసం తడుముకుంటూ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఏటి నొక్కడం తాతగారూ?" అని అడిగాడు. ఆ కథ వినాలంటే సాయంత్రం అయిపోతుందని హారికకు తెలుసు. ఆయన కూడా గడియారం చూసుకుని, "మ్యూజియం మేడమ్ గారు రేపు పొద్దున్న ఉంటారు, ఆవిడికి సెప్పుకోండి," అని మమ్మల్ని బయటికి పంపి తలుపు వేసుకున్నాడు.

ఆ మ్యూజియానికి మేము మా అంతట మేము పోలేదు. సీతమ్మధారలో మా అబ్బాయి ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఉన్న మా ఇద్దరినీ చూసి హారిక జాలిపడింది. బయటికి తీసుకెళ్తానంది. బయటికి అంటే ఖర్చు అని నాకు తెలుసు కాబట్టి, ముసలివాళ్ళకు టికెట్టు లేదని రూఢి చేసుకున్నాకే చీర మార్చాను. ఆటో పిలవబోతుంటే, మరి బస్సులు ఎవరి కోసం తిప్పుతున్నారని అడిగాను. మా ఆయనకు మోకాళ్ళ నొప్పి. అయినా నేను ఉన్న చోట ఆటో మాట ఎత్తడు. బస్సు మెట్టు ఎక్కేటప్పుడు మూలుగుతాడు, అంతే.

నిజానికి అక్కడ నాకు మొదట కనబడింది మెట్టె కాదు, రాయి. గది నడుమ ఒక పలకరాయిని పడుకోబెట్టి, చుట్టూ తాడు కట్టి, పైన దీపం వెలిగించారు. రాయికి ఒక చివర బెజ్జం ఉంది. ఆ బెజ్జానికి మేము మేకను కట్టేవాళ్ళం. ఆ రాతి మీద మా నాన్న ఖాకీ నిక్కర్లు బాది బాది నా అరచేతులు గట్టిపడ్డాయి. ఇప్పుడు దానికి కాపలా, చల్లగాలి, దీపం! మా ఇంట్లో ఉన్నప్పుడు దాని నెత్తిన ఎండా వానా తప్ప ఏమీ లేదు. పలకరిద్దామని వంగితే తాడు అడ్డొచ్చింది. దాని పక్కనే అద్దాల పెట్టెలో, దూది మీద, నా మెట్టె.

మా ఇల్లు గెడ్డ గట్టు మీద ఉండేది. కొండల్లోంచి వచ్చిన గెడ్డ మా వీధి దాటాక ఉప్పునీళ్ళలో కలిసి పోర్టు వైపు పోయేది. పోటు ఎక్కితే నీళ్ళు మా దొడ్డి దాకా వచ్చేవి. పోటు దిగితే బురద, ఆ బురదలో పళ్ళవరసలాగ రాళ్ళు. మేము దాన్ని రాళ్ళ రేవు అనేవాళ్ళం. ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో ఎవరూ అడగలేదు. మా నానమ్మ మాత్రం, ఎవరో జమీందారు తన గేదెల్ని కడిగించుకోడానికి కట్టించాడని చెప్పేది. కావలసిన వాళ్ళు కావలసిన రాయి తవ్వి తెచ్చుకున్నారు. ఒకరింట్లో గడప అయింది, ఒకరింట్లో కోళ్ళగూటికి తలుపయింది. మా వంతుకు వచ్చింది ఈ బెజ్జం రాయి.

నానమ్మ ఊళ్ళో చోడి చేలు, అదే రాగి చేలు, చేసిన మనిషి. మా నాన్నకు పోర్టులో ఖలాసీ పని దొరికాక ఆయన వెంట వచ్చింది గానీ, పట్నాన్ని ఎన్నడూ నమ్మలేదు. అరిగిపోయిన సబ్బు ముక్కను కొత్త సబ్బు వీపుకు అతికించి, అది బాగా పట్టుకునేదాకా ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. కుంకుడుకాయలు మా తలలకయ్యాక ఆ పిప్పితో ఇత్తడి తోమించేది. గంజి కొంత చీరలకు, కొంత మేకకు. మా ఇంట్లో పొద్దున్నే చోడి అంబలి వాసన, పొయ్యి మీద కాలే ఎండు నెత్తళ్ళ వాసన, వాటి మధ్య నాన్న బట్టల గ్రీజు వాసన. ఓడల్లోకి ఎత్తే ఖనిజం దుమ్ము గాలి మళ్ళితే మా మీద వాలేది. పొద్దున్న ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి గులాబీ రంగుకు తిరిగేది. "రంగుల పంచె కొనకుండానే వచ్చింది," అని నానమ్మ దాన్ని మళ్ళీ ఉతకనిచ్చేది కాదు. అయిదో తరగతిలో నన్ను బడి మాన్పించి ఆ రాయి దగ్గర నిలబెట్టింది. అక్కడ నేను నేర్చుకున్నది ఇంకా మరిచిపోలేదు. బళ్ళో నేర్చుకున్నది బోర్డులు చదవడానికి సరిపోతోంది.

ఆ రాయికి రెండు మొహాలు. పైమొహం చాకిరీకి, కిందిమొహం పెళ్ళిళ్ళకి. మామూలు రోజుల్లో పైమొహం మీద బట్టలు ఉతికేవాళ్ళం. వీధిలో ఎవరింట పెళ్ళి అయినా నలుగురు వచ్చి రాయిని తిరగేసి, కడిగి, పసుపు రాసి, పందిట్లోకి మోసుకుపోయేవాళ్ళు. అదే సన్నికల్లు. పెళ్ళికొడుకు పెళ్ళికూతురి పాదం ఎత్తి దాని మీద ఉంచి, రాయిలాగ స్థిరంగా ఉండమని మెట్టెలు తొడుగుతాడు కదా, మా వీధి ఆడపిల్లలందరూ ఆ రాతి మీదే పాదం పెట్టారు. పెళ్ళయ్యాక రాయి తాంబూలంతో ఇంటికి వచ్చేది. మర్నాడు నిక్కర్లు. వేరే సన్నికల్లు కొనొచ్చు కదా అని ఎవరైనా అంటే, "ఒక రాయికి రెండు మొహాలు దేవుడు ఊరికే ఇచ్చినాడేటి?" అనేది నానమ్మ.

నాకు సంబంధం కుదిరిన ఏడాది గెడ్డ గట్టుకు తవ్వకాల ఆఫీసరు ఒకాయన వచ్చాడు. సన్నటి మనిషి, గోదావరి వైపు మాట, నెత్తిన టోపీ. చేతిలో నలుపూ తెలుపూ చారల కర్ర ఎప్పుడూ ఉండేది. దానితో మట్టిని, రాళ్ళను, ఒకసారి పొరపాటున మా మేకను కూడా కొలిచాడు. అందుకని మేము కొలతల బాబు అనేవాళ్ళం. రాళ్ళ మీద బురదను ఆయన రంగులు వేసే చిన్న కుంచెతో తుడుస్తుంటే నానమ్మ చూసి చూసి, లోపలికి పోయి పాత చీపురు తెచ్చి ఇచ్చింది. "ఉంచుకో బాబూ. కొనుక్కోలేకపోతే అడగొచ్చు గదా, దానికి సిగ్గెందుకు?"

ఆయన నవ్వి తీసుకున్నాడు. మంచివాడు. అంబలి పోస్తే కూర్చుని తాగేవాడు, తాగుతూ చెప్పేవాడు. అది గేదెల రేవు కాదట, పడవల రేవట. పెద్ద ఓడలు బయట సముద్రంలో నిలబడితే, గుడ్డల మూటలు, నూనె కుండలు, ధాన్యం వేసుకున్న పడవలు గెడ్డలోకి వచ్చి మా దొడ్డి వెనకే ఆగేవట. మా మేక తాడు కట్టిన బెజ్జం పడవ మోకు కట్టేదట. నేను ఆ రాత్రి నుంచి మేకను కొంచెం మర్యాదగా కట్టాను.

"మరి ఇప్పుడెందుకు రావు పడవలు?" అని నానమ్మ నిలదీసింది.

"గెడ్డ పూడిపోయిందమ్మా."

"పూడిపోతంటే సూస్తా కూకున్నారా? తీయించుకోవద్దూ?"

"అప్పటికి నేను పుట్టలేదండీ."

"ఏటో, అన్నిటికీ ఒక సాకు."

బాబు అడిగితే వీధిలో అందరూ తమ రాళ్ళు తిరిగి ఇచ్చేశారు. కోళ్ళగూటి రాయి కూడా వెళ్ళింది. బాబు ఒక్కో రాయినీ దాని ఖాళీలో పెట్టించాడు. చివరికి వరస నడుమ ఒక్క ఖాళీ మిగిలింది, మా రాయిది. ఆయన రోజూ వచ్చి అడిగేవాడు. నానమ్మ రోజూ అంబలి పోసేది, రాయి మాత్రం ఇచ్చేది కాదు. "మా గుంట నూకాలు పెళ్ళవనీ, అప్పుడు సూద్దాం," అనేది.

నాకు కుదిరిన పెళ్ళికొడుకు మా మేనమామ కొడుకు అప్పన్న, అంటే ఇప్పటి మా ఆయన. స్టీలుప్లాంటు కట్టడం మొదలైతే పని దొరుకుతుందని ఊరి నుంచి వచ్చి, అది మొదలయ్యేలోగా బాబు దగ్గర మట్టి తట్టలు మోసేవాడు. మా దొడ్డి గోడకు అవతలే తవ్వకాల గొయ్యి. ఆ గోడ పక్క నుంచి తట్ట మోస్తూ ఆయన ఎన్నిసార్లు తిరిగేవాడో, ఆ వైపు అంత మట్టి ఉందా అని మా అమ్మకు అనుమానం వచ్చింది.

పెళ్ళికి ముందు రోజు నానమ్మ శుభలేఖ అప్పన్న స్వామి పాదాల దగ్గర పెట్టడానికి సింహాచలం వెళ్ళింది. ఈ అప్పన్న ఆ అదను చూసుకున్నాడు. ఆయన చూసింది రాయి పైమొహం ఒక్కటే. బట్టలు ఉతికే బండ పాతదైపోయింది కదా, కొత్తది చేసి పెడితే పెళ్ళివారింట మార్కులు పడతాయనుకున్నాడు. సిమెంటు బండ ఒకటి పోసి ఆరబెట్టి ఉంచాడట. ఇద్దరు కూలీలతో దాన్ని తెచ్చి దొడ్లో వేశాడు. పాత రాయిని గొయ్యిలోకి దింపి బాబుకు ఇచ్చేశాడు. నేను పసుపు రాసుకుని లోపల కూర్చున్నాను, బయటికి రాకూడదు. మా అమ్మ పిండివంటల పొయ్యి దగ్గర ఉంది. ఆపేవాళ్ళు లేరు.

నానమ్మ కుంకుమతో తిరిగి వచ్చి, కాళ్ళు కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్ళింది. ఆవిడ అరుపుకు గెడ్డలో కొంగలు లేచాయి.

"సన్నికల్లేదర్రా?"

"కొత్త బండ సేసినాను మామ్మా," అన్నాడు పెళ్ళికొడుకు, గోడ మీంచి తల పెట్టి. "నున్నగా ఉన్నాది. బట్టలు సిరగవు."

"పెళ్ళికూతురి సన్నికల్లు పెళ్ళికొడుకే ఎత్తుకుపోవడం నా బతుకులో సూళ్ళేదురా! రేపు దాని కాలు నీ నెత్తి మీద పెట్టమంటావా?"

"సన్నికల్లా? అది బట్టల బండ కదా?"

"తిరగేసి సూసినావా?"

ఆయన చూడలేదు. అది మొదలు ఈ రోజు దాకా మా ఇంట్లో ఏ వస్తువు కొన్నా తిరగేసి చూస్తాడు.

నానమ్మ ఆ కాళ్ళతోనే గొయ్యి దగ్గరికి నడిచింది. వీధంతా వెనకాల. ఆ రాతి మీద కాలు పెట్టకుండా నా మనవరాలి పెళ్ళి జరగదు, పందిరి విప్పించేస్తాను అంది. ఆవిడ అన్నదంటే చేసే మనిషి. లోపల పసుపుతో కూర్చున్న నాకు ఆ మాటలు వినబడుతూనే ఉన్నాయి. బాబు కంగారుపడ్డాడు గానీ పట్టు విడవలేదు. రాయి, అదృష్టం కొద్దీ పెళ్ళిళ్ళ మొహమే పైకి వచ్చి, తన ఖాళీలో సరిగ్గా కూర్చుంది. మర్నాడు పై ఆఫీసర్లు వచ్చి ఫోటోలు తీసుకుంటారు. కదిపితే పక్క రాళ్ళు జారతాయి.

"రేపటికి వేరే రాయి పెట్టుకోకూడదా అమ్మా?"

"నీ సారల కర్ర పోతే ఏరే కర్రతో కొలుత్తావా?"

బాబు తన కర్ర వైపు చూసుకున్నాడు. "కొలవనమ్మా," అన్నాడు. కాసేపటికి, "రాయి రాలేదు గానీ, అమ్మాయి రావచ్చు కదండీ?" అని అడిగాడు.

నానమ్మ ఆలోచించింది. రాయిని మోయడానికి నలుగురు కావాలి. పిల్ల తన కాళ్ళతో తనే నడిచి వస్తుంది. ఆ లెక్క ఆవిడకు నచ్చింది.

ముహూర్తం పెట్టిన పంతులుగారు నక్షత్రం చూశారు గానీ పోటు చూడలేదు. మేళంతో మేము గొయ్యి దగ్గరికి వెళ్ళేసరికి రాళ్ళ మీద చీలమండ లోతు నీళ్ళు, అదీ బురద నీళ్ళు. నేను పట్టుచీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని దిగాను. బావ మోకాళ్ళ మీద కూర్చుని, నీళ్ళలో చెయ్యి పెట్టి, నా పాదం వెతికి పట్టుకుని రాతి మీద ఉంచాడు. కుడికాలి మెట్టె బాగానే ఎక్కింది. ఎడమకాలిది తొడిగి నొక్కుతుండగా పోర్టులో ఏదో ఓడ కూత పెట్టింది. నేను కదిలానని ఆయన అంటాడు. నేను ఆ రాయి కంటే స్థిరంగా ఉన్నాను. గట్టెక్కి చూసుకుంటే ఎడమకాలి వేలు ఖాళీ.

ఆ మెట్టెలు నానమ్మ తన పాత కడియం కరిగించి చేయించింది. మూడు చుట్లు రావాలి. కడియంలో కొంత మిగిల్చి మనవడి మొలతాడుకు ఉంచుకోవాలని, కంసాలితో తగువాడి రెండున్నర చుట్లకు ఆపించింది. లోకంలో ఇంకెవరికీ రెండున్నర చుట్ల మెట్టెలు ఉండవు. అందుకే నానమ్మ కొత్త చీర దోపుకుని, పోటు దిగేదాకా ఆ బురద చేతులతో దేవింది. కూలీలు దేవారు. పై ఆఫీసర్లకు ఫోటోలో రాళ్ళ కంటే మా చుట్టాల వీపులే ఎక్కువ పడి ఉంటాయి. దొరకలేదు. నానమ్మ నా వేలికి పసుపుతాడు కట్టి, "గెడ్డమ్మ తీసుకున్నాది, పోనీ," అంది. ఆవిడ నోటి వెంట పోనీ అన్న మాట నేను విన్నది ఆ ఒక్కసారే. ఒక మెట్టె ఉండగా కొత్త జత దండగని ఒంటి మెట్టె చేయించారు. దానికి మూడు చుట్లు. ఇప్పటికీ నా రెండు కాళ్ళకూ జత కుదరదు.

తవ్వకాలు అయ్యాక రేవును మట్టితో కప్పి, బెజ్జం రాయిని తీసుకుపోయారు. సిమెంటు బండ మొదటి వానాకాలానికే రెండు ముక్కలయింది. బావకు స్టీలుప్లాంటులో పని దొరికింది. మా వీధి ఇప్పుడు లేదు. అటు పోతే గోడ, గోడ వెనక ఒకదాని మీద ఒకటి, ఓడల మీదికి ఎక్కించే ఇనుప పెట్టెలు. పడవలు రాని గెడ్డకు ఇప్పుడు కొంగలు కూడా తక్కువే. మా కోడలి ఇంట్లో బట్టలు మిషను ఉతుకుతుంది. లోపల ఏం చేస్తుందో కనబడదు, అందుకే నాకు నమ్మకం లేదు. కాలర్లు నేను ముందే చేత్తో రుద్ది వేస్తాను. హారిక నవ్వుతుంది. రేపెప్పుడో దాని పెళ్ళికి సన్నికల్లు అద్దెకు తెస్తారట, సామాన్ల కొట్లో దొరుకుతుందట. అద్దె రాయి స్థిరంగా ఎలా ఉంటుందో నాకు అర్థం కాదు. అయినా చెప్పి చూశాను, తిరగేసి చూసి తెచ్చుకోమని.

మర్నాడు పొద్దున్న మళ్ళీ బస్సెక్కి మ్యూజియానికి వెళ్ళాం. మేడమ్ చిన్నపిల్ల, మా కోడలి వయసు. నేను చెప్పినదంతా అడ్డు రాకుండా వింది. తర్వాత నేల మీద చతికిలబడి నా కుడికాలి మెట్టెను భూతద్దంతో చూసింది. నా పాదాలు మరీ పగిలి ఉన్నాయి, కొంచెం సిగ్గేసింది.

"రెండున్నర చుట్లు," అంది.

"నానమ్మ లెక్క," అన్నాను.

కొలతల బాబు వెళ్ళిపోయాక, రేవును మట్టితో కప్పే ముందు రాళ్ళ సందుల్లో బురద జల్లెడ పడితే అది దొరికిందట. అంత లోతున ఉంది కాబట్టి పాతదేమో అనుకున్నారట, తేలక కావచ్చు అని రాశారట. ఆవిడ పెట్టె తెరిచి, దూదితో సహా మెట్టెను నా అరచేతిలో పెట్టింది. నేను వంగలేను, మా ఆయన అసలే వంగలేడు. కాలికి కాకపోతే పోయిందని చేతి చిటికెన వేలికి పెట్టి చూసుకున్నాను. పట్టలేదు. వేలి కొన దగ్గరే ఆగిపోయింది. చుట్లు ఒకదాని మీదకి ఒకటి ఎక్కి, బఠానీగింజ పట్టేంత సందు మాత్రం మిగిలింది.

"సూసినావా?" అన్నాడు మా ఆయన. ఆ ముసలి మొహం వెలిగిపోయింది. "నాను సెప్పలేదా, గట్టిగా నొక్కినానని?"

"నొక్కినావు బావా," అన్నాను. "నా వేలు లేకుండా నొక్కినావు."

కాపలా ఆయన ముందు నవ్వాడు, తర్వాత మేడమ్, ఆ తర్వాత మా ఆయన. ఇంటికి తీసుకెళ్తారా అమ్మా, కాగితాలు నడపాలి గానీ చూద్దాం అని మేడమ్ అడిగింది. వద్దన్నాను. ఇంట్లో అయితే నేనే తుడుచుకోవాలి, నేనే కాపలా కాయాలి. ఇక్కడ దీపం ఖర్చు కూడా వాళ్ళదే. పైగా పక్కన రాయి ఉంది. కార్డు మీద మధ్యయుగానిది కావచ్చు అన్న మాట మాత్రం తీసేయమన్నాను. రాసుకుంది.

బయటికి వచ్చాక మా ఆయన మోకాలు పట్టుకుని బస్టాపు వైపు నడవబోయాడు. నేనే ఆటోను పిలిచాను.